కొలిచేది వంపుని, చెప్పేది ఉప్పుని

పూసపాటిరేగ, భోగాపురం తీరంలో రొయ్యపిల్లల హేచరీలో పనికి చేరిన కుర్రాడి చేతికి మొదటి వారంలోనే జానెడు పొడవున్న నల్లగొట్టం ఒకటి వస్తుంది. ఒక చివర ఏటవాలు గాజు, దాని మీద తెరిచి మూసే ప్లాస్టిక్ రేకు. రెండో చివర కన్ను పెట్టి చూసే అద్దం. రెండు చుక్కల నీళ్ళు వేసి, రేకు మూసి, వెలుతురు వైపు పట్టుకుంటే పైన నీలం, కింద తెలుపు, మధ్యన గీత కనిపిస్తాయి. గీత ఏ అంకె మీద ఆగితే అదే సెలినిటీ, అంటే నీళ్ళ ఉప్పదనం. సూపర్‌వైజర్ ‘ఎంతుందిరా?’ అంటే ‘ముప్పై సార్’ అనాలి. నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

ఆ ఐదు నిమిషాలతో ఆగిపోయినవాళ్ళు ఏళ్ళ తరబడి చుక్క వేసి అంకె చెప్పే మనిషిగానే ఉండిపోతారు. గొట్టం తప్పు చెబుతున్నప్పుడు అది తప్పని పట్టుకున్నవాడికి ట్యాంకుల బాధ్యత అప్పగిస్తారు. ఈ ఇద్దరి మధ్య తేడా పదో తరగతి భౌతికశాస్త్రంలో ఒక్క పాఠం. పేరు వక్రీభవనం. మార్కుల కోసం బట్టీ కొట్టి వదిలేసిన ఆ పాఠం మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నడుస్తున్న కొలువులు తక్కువేం కాదు. హేచరీలు ఉన్నాయి, చెరకు మిల్లు ఫీల్డ్ ఉద్యోగాలు ఉన్నాయి, పైడిభీమవరం మందుల కంపెనీల ల్యాబులు ఉన్నాయి, స్తంభాల మీద సాగే ఫైబర్ కేబుల్ ఉంది, ఊరూరా కళ్ళజోళ్ళ షాపులు ఉన్నాయి. వీటిలో దేనికి వెళ్ళాలనుకున్నా ముందు ఈ పాఠాన్ని పనిలో దిగే మనిషిలా మళ్ళీ చదవండి.

పాఠం చిన్నదే. వెలుతురు శూన్యంలో సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీళ్ళలోకి దిగితే ఆ వేగం 2 లక్షల 25 వేలకి పడిపోతుంది. ఫైబర్ కేబుల్ లోపలి గాజులో సుమారు 2 లక్షల 4 వేలు. ఎన్ని రెట్లు నెమ్మదించిందో చెప్పే అంకే వక్రీభవన గుణకం. నీటికి 1.333, ఆ గాజుకి 1.468. రోడ్డు మీంచి దమ్ము చేసిన మడిలోకి ఏటవాలుగా దిగే ట్రాక్టరుకి ముందు ఒక చక్రం బురదలో పడి నెమ్మదిస్తుంది, రెండోది ఇంకా రోడ్డు మీద అదే ఊపులో ఉంటుంది, బండి పక్కకి తిరుగుతుంది. వెలుతురు వంగడమూ ఈ లెక్కే. నిటారుగా దిగితే వంగదు. కానీ నెమ్మదించడం మాత్రం తప్పదు. ఇంటర్వ్యూల్లో ఎక్కువమంది తడబడేది ఈ చివరి ముక్క దగ్గరే. ‘వంగలేదు కాబట్టి వేగం మారలేదు’ అనేస్తారు.

వంపుకి సూత్రం 1621లోనే డచ్చి దేశపు స్నెల్ రాశాడు. నీళ్ళలో వెలుతురు నిజంగా నెమ్మదిస్తుందని ఫ్రాన్సులో ఫూకో ప్రయోగం చేసి చూపించింది 1850లో. నడుమ రెండు వందల ఏళ్ళకు పైగా, నీళ్ళలో వేగం పెరుగుతుందని న్యూటన్ అంతటివాడితో సహా చాలామంది అనుకున్నారు. కాబట్టి మీకు మొదట్లో తికమకగా ఉంటే సిగ్గుపడక్కర్లేదు.

ఇప్పుడు గొట్టం దగ్గరికి వద్దాం. దాని పేరు రిఫ్రాక్టోమీటర్. అందులో ఉప్పుని గుర్తుపట్టే భాగం ఏదీ లేదు. నీళ్ళలో ఏదైనా కరిగితే గుణకం కొంచెం పెరుగుతుంది. అప్పుడు గాజులో సంపూర్ణాంతర పరావర్తనం (వెలుతురు బయటికి పోకుండా పూర్తిగా లోపలికే తిరగడం) మొదలయ్యే కోణం కొంచెం జరుగుతుంది, నీలం-తెలుపుల మధ్య గీత ఆ మేరకు కదులుతుంది. ఆ కదలికకి ఎదురుగా ఉప్పు అంకెలు గీసి పెట్టారు, అంతే. నమ్మకపోతే గ్లాసుడు మంచినీళ్ళలో చెంచా పంచదార కలిపి చుక్క వేసి చూడండి. ఉప్పు రేణువు లేని ఆ నీళ్ళకి గొట్టం దాదాపు 15 పీపీటీ (వెయ్యికి 15 వంతులు) సెలినిటీ చూపిస్తుంది. హేచరీలో చేరిన కొత్తవాళ్ళకి మొదటి రోజు చూపించాల్సింది ఇదే అని నా అభిప్రాయం. ఒక్కసారి చూస్తే చాలు, బెల్లం మడ్డి కలిపిన బకెట్లోంచి చుక్క తీసి సెలినిటీ చెప్పే పని మళ్ళీ చేయరు.

గొట్టాన్ని మోసం చేసేవాటిలో పెద్దది వేడి. నీళ్ళు వేడెక్కితే గుణకం తగ్గుతుంది. పది డిగ్రీల తేడాకి, సరిదిద్దే ఏర్పాటు లేని గొట్టంలో ఐదారు పీపీటీ తేడా వచ్చేస్తుంది. ‘ఏటీసీ’ అని రాసి ఉన్నవి తమంతట తామే సరిచేసుకుంటాయి గానీ, మామూలుగా 10 నుంచి 30 డిగ్రీల మధ్యే. మే నెల మధ్యాహ్నం చెరువు గట్టు మీద ఎండలో పెట్టిన గొట్టం ఆ హద్దు ఎప్పుడో దాటేసి ఉంటుంది. నీడలో ఉంచండి. చుక్క వేశాక అర నిమిషం ఆగండి, చుక్కా గాజూ ఒకే వేడికి వస్తాయి. ఆ తర్వాత చూడండి.

రోజూ పని మొదలుపెట్టే ముందు డిస్టిల్డ్ వాటర్‌తో సున్నా చూసుకోవాలి. బ్యాటరీలో పోసేది చాలు. బోరు నీళ్ళతో సున్నా పెట్టకండి, తీరంలో బోరే ఉప్పన. సున్నా కుదరకపోతే పైన చిన్న మూత కింద స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పాలి. అక్కడితో అయిపోలేదు. చౌకగా దొరికే కొన్ని గొట్టాలకి మామూలు ఉప్పు ద్రావణాన్ని బట్టి గీతలు గీస్తారు. సముద్రపు నీళ్ళలో ఉప్పొక్కటే కాదు, మెగ్నీషియం వగైరా లవణాలు కూడా ఉంటాయి, వంపు కొంచెం ఎక్కువ. అలాంటి గొట్టం సున్నా దగ్గర సరిగ్గానే ఉండి, 35 దగ్గర ఒకటి రెండు పాయింట్లు ఎక్కువ చెబుతుంది. 35 పీపీటీ ప్రామాణిక ద్రావణం ఒక సీసా తెప్పించమని యజమానిని అడగండి. అడిగిన మనిషిని ఆయన గుర్తు పెట్టుకుంటాడు.

సీడ్ (రొయ్యపిల్లల) అమ్మకం రోజున గొడవలు ఇక్కడే పుడతాయి. చెరువు సెలినిటీకి దించి పిల్లని ఇమ్మని రైతు అడుగుతాడు. లారీ దగ్గర నిలబడి ‘ఏటి బావూ, నీ గొట్టం పన్నెండంటంది, నాది పదిహేనంటంది’ అంటాడు. వాదించకండి. రెండు గొట్టాల మీదా అదే సీసాలోంచి డిస్టిల్డ్ వాటర్ వేసి, రెండు గీతలూ ఆయనకే చూపించండి. ఏది పక్కకి తిరిగిందో ఆయన కళ్ళతోనే తేలిపోతుంది.

వంశధార, నాగావళి సముద్రంలో కలిసే చోట్ల వర్షాకాలంలో ఇంకో చిక్కు ఉంది. మంచినీళ్ళు తేలిక కాబట్టి పైన తేలుతాయి, ఉప్పునీళ్ళు అడుగున ఉంటాయి. పైన ముంచిన చెంబు నీళ్ళకి 8, నడుం లోతులో 20 వచ్చినా ఆశ్చర్యపోవద్దు. రెండు చోట్లా తీసి, రెండూ రాయండి. బురద నీళ్ళయితే గీత మసకబారుతుంది, కాసేపు తేరనివ్వండి. సెలినిటీ ఐదు కంటే తక్కువగా ఉన్న చెరువులకి మాత్రం ఈ గొట్టాన్ని నమ్ముకోవద్దు. పాయింటు అటూ ఇటూ అయితేనే లెక్కంతా తలకిందులయ్యే చోట, విద్యుత్ వాహకత కొలిచే మీటరు కావాలి.

చెరకు దగ్గరా ఇదే గొట్టం, అంకెలే వేరు. సంకిలి మిల్లు చుట్టుపక్కల ఫీల్డ్‌మ్యాన్ చేతిలో ఉండేది బ్రిక్స్ కొలిచేది. వంద గ్రాముల రసంలో కరిగి ఉన్న ఘనపదార్థం ఎన్ని గ్రాములో చెబుతుంది. అదంతా చక్కెర కాదు. రైతుకి ‘మీ తోటలో ఇరవై శాతం చక్కెర ఉంది’ అని చెప్పేసి వస్తే, రేపు మిల్లులో రికవరీ అంతకంటే చాలా తక్కువ వచ్చినప్పుడు ఆయన నిలదీసేది మిమ్మల్నే. గడ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి కొలిచి చూడడం మేలు. పైన బ్రిక్స్ కింది బ్రిక్స్‌కి దగ్గరగా వచ్చిందంటే తోట కోతకి వచ్చినట్టు. బాగా తక్కువగా ఉంటే ఆగాలి. నీళ్ళు కట్టిన మర్నాడు, వాన పడిన మర్నాడు వెళ్ళి కొలిచి తీర్పు చెప్పకండి.

పైడిభీమవరం ల్యాబులకి బీఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు చాలామంది దరఖాస్తు చేస్తారు. అక్కడిది బల్ల మీద పెట్టే యంత్రం, నాలుగు దశాంశాల వరకూ చెబుతుంది. ఇంటర్వ్యూలో ‘నీటి వక్రీభవన గుణకం ఎంత?’ అని అడిగితే 1.33 అని ఊరుకోకండి. ‘సోడియం పసుపు వెలుతురులో 20 డిగ్రీల దగ్గర 1.3330, 25 డిగ్రీల దగ్గర 1.3325’ అనండి. వేడి, వెలుతురు రంగు చెప్పకుండా ఆ అంకెకి అర్థం లేదని మీకు తెలిసినట్టు ఎదుటివాళ్ళకి అర్థమవుతుంది. ఇక ఉద్యోగం వచ్చాక పాటించాల్సింది ఒకటే. యంత్రం చూపించినదే రాయాలి, రావలసినది కాదు.

ఐటీఐ చేసిన కుర్రాళ్ళకి నేను ఎక్కువగా చెప్పేది ఫైబర్ పని గురించి. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తన కేబుల్‌ని ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే లాగింది. తవ్వకం ఖర్చు తప్పింది, పని వేగంగా అయింది. గాలివానలకి తట్టుకోవడమే కష్టం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయాయి. స్తంభం పడితే కేబుల్ కూడా పడినట్టే. అలాంటి రోజుల్లోనే కాదు, మామూలు రోజుల్లో కొబ్బరి మట్ట పడినా, లారీ తగిలినా అతికేవాడు కావాలి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో భారీ డేటా సెంటరు, సముద్రం అడుగు కేబుళ్ళతో కలిపి ప్రకటించింది. రేపు ఆ పక్కన కూడా ఈ చేతులకి పని ఉంటుంది.

తెగిన చోటు వెతకడానికి వాడే యంత్రం ఓటీడీఆర్. అది కేబుల్ లోపలికి వెలుతురు పంపి, వెనక్కి తిరిగి వచ్చేదాకా సమయం చూస్తుంది. కిలోమీటరు ఫైబర్ దాటడానికి వెలుతురుకి సుమారు 4.9 మైక్రోసెకన్లు పడుతుంది. యంత్రానికి తెలిసింది ఆ సమయం ఒక్కటే. దాన్ని దూరంగా మార్చేది మీరు అందులో పెట్టిన గుణకం. తెర మీద ‘ఐఓఆర్’ అని ఉండేది అదే. కేబుల్ అసలు విలువ 1.4680 అయి, పాత పని తాలూకు 1.4600 అలాగే ఉండిపోయిందనుకోండి. 20 కిలోమీటర్ల దగ్గర తెగితే తెర మీద 20.11 వస్తుంది. 110 మీటర్ల తేడా. పల్లెల్లో స్తంభానికీ స్తంభానికీ యాభై అరవై మీటర్లు ఉంటుంది కాబట్టి మీరు రెండు స్తంభాలు దాటిపోయి, వానలో, జీడితోటలో, బాగున్న కేబుల్ కింద నిలబడి టార్చి వేసి వెతుకుతుంటారు. ‘మిషను పాడయింది’ అని ఫోను చేసేవాళ్ళు ఎక్కువమంది ఈ అంకె చూసుకోనివాళ్ళే.

కేబుల్ తయారీదారు ఇచ్చిన కాగితంలో 1310, 1550 నానోమీటర్ల వెలుతుర్లకి గుణకం విడివిడిగా ఉంటుంది. ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఇంకా ఒక సంగతి. కేబుల్ లోపలి సన్న గొట్టంలో ఫైబర్‌ని కొంచెం వదులుగా, మెలికతో పెడతారు. కాబట్టి ఫైబర్ పొడవు కేబుల్ పొడవు కంటే వందకి ఒక మీటరు దాకా ఎక్కువ ఉండవచ్చు. పైగా స్తంభాల మీద అక్కడక్కడ చుట్టలు చుట్టి వదిలిన కేబుల్ ఉంటుంది. అందువల్ల ఎక్స్‌ఛేంజి నుంచి దూరం లెక్కపెట్టకండి. తెగిన చోటుకి ముందున్న జాయింటు తెర మీద ఎక్కడ ఉందో చూసి, ఆ జాయింటు నుంచి ఎంత దూరమో చూడండి. 20 కిలోమీటర్ల మీద వచ్చే తప్పు ఒక్క కిలోమీటరు మీద ఐదారు మీటర్లకి తగ్గిపోతుంది. కేబుల్ తొడుగు మీద మీటరు మీటరుకీ అచ్చేసిన అంకెలు ఉంటాయి, జాయింటు దగ్గర అంకె ఎంతో డైరీలో రాసుకున్నవాడు నేరుగా ఆ స్తంభం ఎక్కుతాడు.

సిగ్నల్ తగ్గింది గానీ తెగలేదు అన్నప్పుడు రెండు వెలుతుర్లతోనూ చూడండి. 1310లోనూ 1550లోనూ నష్టం దాదాపు ఒక్కలాగే ఉంటే జాయింటు బాగాలేదు. 1550లో మరీ ఎక్కువగా ఉంటే ఎక్కడో ఫైబర్ మడతపడింది. ఫైబర్ అంటే గాజు మీద గాజు తొడుగు, రెంటి గుణకాల మధ్య తేడా ఒక్క శాతంలో మూడో వంతు దరిదాపుల్లోనే. ఆ కొంచెం తేడాతోనే వెలుతురు లోపల తిరుగుతోంది. గట్టిగా వంచితే కోణం తప్పి బయటికి జారిపోతుంది, అందులో పొడుగు తరంగం ముందు జారుతుంది. మామూలు ఫైబర్‌ని ఆరు సెంటీమీటర్ల వెడల్పు కంటే చిన్న చుట్టగా చుట్టకూడదు. డబ్బా మూత పట్టడం లేదని చుట్టని నొక్కి బిగించడం వల్ల వచ్చే ఫిర్యాదులు, తుపాను వల్ల వచ్చేవాటికంటే తక్కువేం ఉండవు.

ఇంటి కనెక్షన్ల దగ్గర ఆకుపచ్చ కనెక్టరుకి నీలం కనెక్టరు తగిలించకండి. ఆకుపచ్చదాని కొనని 8 డిగ్రీల వాలుగా చెక్కుతారు. రెండూ కలిపితే నడుమ గాలి మిగులుతుంది. గాజు నుంచి గాలిలోకి, గాలిలోంచి గాజులోకి దాటే ప్రతిసారీ మూడున్నర శాతం దాకా వెలుతురు వెనక్కి తిరుగుతుంది. త్వరగా బిగించే కనెక్టర్లలో ఉండే జెల్ పని ఆ ఖాళీని గాజు గుణకంతోనే నింపడం. అది ఎండిపోతే కొత్తది వేయండి, తుడిచి మళ్ళీ వాడకండి. ఫైబర్ కొనలోకి ఎప్పుడూ కన్ను పెట్టి చూడకండి. ఆ వెలుతురు కంటికి కనిపించదు, హాని మాత్రం చేస్తుంది. కత్తిరించిన ముక్కలు టేపు మీద అంటించి డబ్బాలో వేయండి, అదే బల్ల మీద అన్నం తినకండి.

చేరే ముందు కాంట్రాక్టరుని అడగాల్సినవి ఉన్నాయి. జీతం నెలకా, జాయింటుకా? స్ప్లైసింగ్ మిషను ఎవరిది, పాడయితే ఖర్చు ఎవరిది? పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయా? బెల్టు, హెల్మెట్ ఇస్తారా? కరెంటు స్తంభం మీద పని కాబట్టి ఈపీడీసీఎల్ నుంచి లైన్ క్లియర్ (కరెంటు ఆపి ఇచ్చే అనుమతి) ఎవరు తీసుకుంటారు? చివరి ప్రశ్నకి ‘ఆ, ఏం కాదులే, ఎక్కేయ్’ అని సమాధానం వస్తే ఆ పని వదులుకోండి. టెలికాం సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఇచ్చే ఆప్టికల్ ఫైబర్ స్ప్లైసర్ సర్టిఫికెట్ ఉంటే మాట్లాడడానికి కొంత బలం ఉంటుంది. చేతి పని చూపించగలిగితే ఇంకా బలం.

కళ్ళజోళ్ళ షాపులో పని చేసేవాళ్ళు రోజంతా గుణకాలే అమ్ముతుంటారు. మామూలు ప్లాస్టిక్ అద్దం 1.50, పాలీకార్బొనేట్ 1.59, ఆపైన 1.60, 1.67, 1.74. అంకె పెరిగితే అదే పవర్‌కి అద్దం పలచబడుతుంది, ధర పెరుగుతుంది. మైనస్ ఆరు ఉన్న కాలేజీ అమ్మాయికి 1.67 చెప్పండి, న్యాయం. చత్వారానికి ప్లస్ ఒకటిన్నర కావలసిన పెద్దాయనకి అదే అంటగడితే కమీషన్ వస్తుంది గానీ ఆయన మళ్ళీ రాడు, ఆయనకి 1.50 చాలు. పలాసలో జీడిగింజలు కొట్టేవాళ్ళకి, వెల్డింగ్ షాపు కుర్రాళ్ళకి గుణకం కంటే గట్టితనం ముఖ్యం, పాలీకార్బొనేట్ ఇవ్వండి. అది వెలుతురుని రంగులుగా కాస్త ఎక్కువ విడదీస్తుంది. అంచుల్లో రంగు చారలు కనిపిస్తాయని ముందే చెప్పేయండి.

ఈ దారిలో పైకి వెళ్ళాలంటే బీ.ఆప్టోమెట్రీ నాలుగేళ్ళు. అంత చదివే వీలు లేని ఇంటర్ పిల్లలకి విజన్ టెక్నీషియన్ శిక్షణ ఉంది, ఏడాది. ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఈ పద్ధతిని పల్లెల కోసమే పెంచింది, సుమారు 50 వేల జనాభాకి ఒక విజన్ సెంటరు చొప్పున. ఉన్న ఊరికి దగ్గరలో గౌరవంగా బతికే పని ఇది.

కళ్ళజోడు తేడా ఎంతో చెప్పడానికి అస్సాం తేయాకు తోటల్లో జరిగిన ఒక పరిశోధన 2018లో అచ్చయింది. నలభై దాటిన కూలీలకి దగ్గరి చూపు కళ్ళజోడు ఇస్తే, ఇవ్వనివాళ్ళతో పోలిస్తే ఆకు కోతలో సుమారు 22 శాతం తేడా వచ్చింది. మన పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తి ఏకి, సన్నని నూలు వడికే పెద్దమ్మల సంగతి ఆలోచించండి. ఆ నూలు సన్నదనమంతా కంటి మీదే ఆధారపడింది. అలాంటావిడ షాపుకి వస్తే పేపరు చేతికిచ్చి చదివించి పంపేయకండి. ‘అమ్మా, రాట్నం ముందు కూచుంటే దారం ఎంత దూరంలో ఉంటాది?’ అని అడిగి, ఆవిడ చెయ్యి చాపిన చోటికి టేపు పెట్టండి. 40 సెంటీమీటర్ల దూరానికి కంటికి కావలసింది 2.5 డయాప్టర్లు, 60 దూరానికి 1.67 చాలు. పేపరు దూరానికి ఇచ్చిన అద్దంతో రాట్నం ముందు కూచుంటే దారం అందక ముందుకి వంగుతుంది, నెల తిరక్కుండా మెడ నొప్పి అంటుంది, కళ్ళజోడు గూట్లో పెట్టేస్తుంది. చీటీలో పవర్ పక్కన ఆ దూరం కూడా రాసిపెట్టమని పరీక్ష చేసినవాళ్ళని అడగండి. రెండేళ్ళకి ఆవిడ మళ్ళీ వచ్చినప్పుడు మీకు ముందుగా కావలసిన అంకె అదే.